పశువుల రక్త పరీక్ష – సెంట్రిఫ్యూజ్ ఉపయోగం
(ధర్పల్లిలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాలలో వెన్న శాతం తేల్చే గెర్బర్ యంత్రం మనకు కొత్త కాదు. నిమిషానికి 1,100 చుట్లు తిరిగే సరికి తేలికైన వెన్న వేరుపడుతుంది. బోధన్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర ఫ్యాక్టరీలో, అది 2015లో మూతపడేదాకా, చక్కెర పలుకుల నుండి మొలాసిస్‌ను విడదీసినదీ ఇటువంటి యంత్రమే. మక్కచేనులో వడిసెల తిప్పితే రాయి చేతిని బయటికి లాగుతుంది గదా, ఆ బలమే ఇక్కడా పనిచేస్తుంది. పశువుల రక్త పరీక్షకు కూడా ఇదే ఆధారం.

చూడి బర్రె ఐదు నెలలు నిండాక ఈసుకుపోతే కారణాలు ఎన్నో ఉండవచ్చు. వాటిలో బ్రూసెల్లోసిస్ ఒకటి. కంటితో చూసి దీనిని తేల్చలేము. రక్తం చూడవలసిందే.

పశువైద్యుడు మెడ నరం నుండి కొద్దిపాటి రక్తం తీస్తారు. దానివల్ల పాలు తగ్గవు. పొడి గొట్టంలో పోసిన రక్తాన్ని కదపకుండా గడ్డకట్టనివ్వాలి. తరువాత సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 2,000 నుండి 3,000 చుట్ల వేగంతో పది నిమిషాలు తిప్పితే గడ్డ అడుగుకు చేరి, పైన లేత పసుపురంగు సీరం తేలుతుంది. ఒక చుక్క సీరంలో అంతే రోజ్ బెంగాల్ ద్రావణం కలిపి నాలుగు నిమిషాలు చూస్తారు. పలుకులు కడితే వ్యాధి ఉన్నట్లు అనుమానించి, మరొక పరీక్షతో నిర్ధారిస్తారు.

గొట్టం తడిగా ఉన్నా, దారిలో కుదిపినా, రక్తం గడ్డకట్టకముందే మంచులో పెట్టినా కణాలు పగిలి సీరం ఎర్రబారుతుంది. పరీక్ష చెడుతుంది. గొట్టంపై చెవి పోగు నంబరు తప్పక రాయించండి. యంత్రంలో ఎదురెదురు గొట్టాలు సమాన బరువుండాలి. ఒక్కటే నమూనా ఉంటే ఎదురుగా అంతే బరువుకు నీళ్ల గొట్టం పెట్టాలి. పూర్తిగా ఆగేదాకా మూత తీయరాదు, చేత్తో ఆపరాదు.

ఈ రోగం మనుషులకూ సోకుతుంది. జ్వరం వచ్చిపోతూ, కీళ్లనొప్పులతో నెలల తరబడి పీడిస్తుంది. పచ్చిపాలు తాగవద్దు. మాయను, చనిపోయిన దూడను ఉత్త చేతులతో ముట్టక, లోతుగా సున్నం వేసి పూడ్చాలి.

పశువులో దీనిని పూర్తిగా నయం చేసే నమ్మకమైన మందు లేదు. అందువల్ల నాలుగు నుండి ఎనిమిది నెలల వయసు పెయ్య దూడలకు జీవితంలో ఒక్కసారి టీకా వేయించాలి. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకాను చేర్చారు. టీకా వేసిన పశువైతే పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పండి. టీకా ప్రభావం కూడా పరీక్షలో కనిపించవచ్చు.

చివరగా ఒక మనవి. ఈసుకుపోయిన బర్రెను చడీచప్పుడు లేకుండా అంగడికి తోలితే రోగం మరొకరి కొట్టానికి చేరుతుంది. కొన్నవాడు మన సంఘం సభ్యుడే కావచ్చు. అమ్మకముందు రక్తం చూపించుదాం. అది మన పాడికీ, పిల్లలకూ, తోటి రైతుకూ రక్ష.