హాస్టల్ వైఫైలో అందరికీ వాటా



పాతికమంది ఉన్న హాస్టల్లో ఒకటే ఇంటర్నెట్ కనెక్షన్. ఒకరి ఫోను ఆ రోజు తీసిన వీడియోలన్నీ ఆన్‌లైన్‌లో దాచడం మొదలుపెట్టగానే, పక్క గదిలో వీడియో కాల్ మాట్లాడుతున్నవాళ్ల గొంతు ముక్కలైపోతుంది. ఎందుకిలా?

సమాచారం ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. మామూలు రౌటర్ వాటిని ఒకే వరుసలో నిలబెట్టి, ముందొచ్చినదాన్ని ముందు పంపుతుంది. వందల వీడియో ముక్కల వెనక కాల్ ముక్క ఇరుక్కుపోతుంది.

మనిషికింతని వేగం పంచేస్తే? 40 ఎంబీపీఎస్‌ను 25 మందికి పంచితే తలా 1.6. అర్ధరాత్రి ఒక్కరే మేలుకుని ఉన్నా అంతే దక్కుతుంది. మిగతాదంతా వృథా.

ఇంతకన్నా మంచి దారిని 1985లోనే జాన్ నేగల్ అనే ఇంజనీర్ సూచించారు. పంపేవారికి తలా ఒక వరుస పెట్టి, ఒక్కో వరుస నుంచి వంతులవారీగా ఒక్కో ప్యాకెట్ తీయాలి. బంతిలో వడ్డన లాగే, అందరి విస్తరికీ ఒకసారి అందాకే మారు వడ్డన. తినేవాళ్లు తక్కువైతే ఉన్నవాళ్లకే ఎక్కువ.

ఇప్పుడు కొన్ని రౌటర్లలో ఈ తరహా సదుపాయం ఎస్‌క్యూఎం అనే పేరుతో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ పరిమితులను అసలు వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి. అప్పుడు రద్దీ బయటి పరికరాల్లో పేరుకోకుండా మీ రౌటర్ దగ్గరే ఆగుతుంది, వంతులు అదే చూసుకుంటుంది. కాస్త వేగం తగ్గినా కాల్స్ తెగవు. కొత్త ప్లాన్‌కు డబ్బు కట్టేముందు ఈ సెట్టింగ్ ప్రయత్నించి చూడండి.