చెరువు మన్ను రైతుకూ కావాలి, కుమ్మరికీ కావాలి

(మండల రైతు సంఘం సభలో మన సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం ఇది. చెరువు కింద ఎకరం కౌలు చేస్తూ, ఇంటి దగ్గర కుండలు చేసుకొని బతికే కుటుంబం వారిది. వారు మాట్లాడిన తీరులోనే ఇక్కడ ఇస్తున్నాం.)



రైతు సంఘం సభలో కుమ్మరికి ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. నాకు ఎకరం కౌలు ఉంది, సంఘంలో సభ్యత్వమూ ఉంది. అయితే ఈరోజు కౌలు గురించి కాకుండా సారె గురించి చెప్పమని అధ్యక్షులు అడిగారు. నాకు రెండూ ఒకటే. నా వరికి నీళ్లిచ్చేదీ, నా కుండకు మన్నిచ్చేదీ ఆ చెరువే.

మా తాత కాలంలో కుండకు పైసలు తీసుకునేది లేదు. ఏడాదంతా ఇంటింటికీ కుండలు, చట్లు, గురుగులు ఇచ్చేవాళ్లం. కోతలయ్యాక కళ్లం దగ్గర రైతు కుంచంతో వడ్లు కొలిచి పోసేవాడు. దాన్ని పెద్దలు మేర అనేవాళ్లు. పంట బాగా పండిన ఏడు మా గాదె కూడా నిండేది. ఎండిన ఏడు మీతో పాటు మేమూ పస్తున్నాం. ఆ పద్ధతి మళ్లీ రావాలని నేను అనను, అందులో ఎక్కువ తక్కువలు, అవమానాలు కూడా ఉన్నాయి. మీ బతుకూ మా బతుకూ ఒకే కాలం మీద నడిచాయని గుర్తు చేయడానికే ఈ మాట చెప్తున్నాను.

కుమ్మరి ఏడాది ఎండాకాలంలో మొదలవుతుంది

మీ ఏడాది మృగశిర కార్తెతో మొదలైతే, మాది అంతకు నెల ముందే మొదలవుతుంది. వైశాఖంలో చెరువు అడుగు తేలుతుంది. అప్పుడు మన్ను తవ్వుకోవాలి. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ మేలో తవ్విన మన్ను ఈ ఎండాకాలం కుండలకు కాదు, వచ్చే ఎండాకాలం కుండలకు. పెరట్లో కుప్ప పోసి ఎండనివ్వాలి, వాననివ్వాలి. అలా మాగితేనే జిగురు సమంగా వస్తుంది. కాబట్టి ఒక్క ఎండాకాలం మన్ను దొరకలేదంటే మాకు పోయేది ఒక నెల కాదు, ఏడాది.

చెరువు అడుగున మన్నంతా ఒక్కటి కాదు. పైన ఒండ్రు ఉంటుంది, అది మీ పొలానికి ఎరువు. దానికింద జిగట మన్ను. మాకు కావలసింది అదే. ఇంకా కిందికి పోతే మొరం. మన్ను మంచిదో కాదో చేతిలో ఉండ చేసి, తాడులా సాగదీసి చూస్తాం. వేలికి చుడితే పగలకూడదు. జిగట మరీ ఎక్కువైతే ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది, తక్కువైతే సారె మీద నిలవదు.

వానలు పడ్డాక మాకు చేతినిండా పని ఉండదు. చేసిన కుండ ఆరదు, ఆవం కాల్చే వీలుండదు. మా ఇంటామె నాట్లకు పోతుంది, నేను నా ఎకరం చూసుకుంటాను. ఆషాఢంలో బోనాలు వస్తాయి కాబట్టి ఆ కుండలు వానలు ముదరకముందే కాల్చి పెట్టుకోవాలి. తడిసిన కట్టెతో కాల్చితే సగం కుండలు నల్లగా, పచ్చిగా మిగిలిపోతాయి.

భాద్రపదంలో వినాయకుడు. మట్టి విగ్రహానికి ఆవం అక్కర్లేదు, ఆరితే చాలు. కానీ ముసురు పట్టిందంటే ఆ ఆరడమే కష్టం. ఇంట్లో మంచం కింద కూడా విగ్రహాలే ఉంటాయి. పిల్లలు ఎక్కడ పడుకోవాలో తెలియక కొట్లాడుకుంటారు. ప్లాస్టర్ విగ్రహం పట్నం నుంచి రంగులతో మెరుస్తూ వస్తుంది. అది నీళ్లలో కరగదు. చవితి అయిన పది రోజులకు మన చెరువు గట్టున చేతులు, తొండాలు తేలుతుంటే మీరే చూస్తున్నారు. ఆ నీళ్లే మన వరికి పారుతున్నాయి.

ఆశ్వయుజంలో దీపావళి ప్రమిదలు, కార్తీకం పొడుగునా దీపాలు. ప్రమిద చిన్నదే, చేయడమూ సులువే, కానీ దాని ధర కూడా అంతే చిన్నది. వేలల్లో చేస్తేనే చేతికి నాలుగు పైసలు వస్తాయి. ఇప్పుడు అచ్చుల్లో ఒత్తి రంగులేసినవి లారీల్లో దిగుతున్నాయి.

మాఘం, ఫాల్గుణంలో పెళ్లిళ్లు. ఐరేని కుండల కోసం పెళ్లివారు డప్పులతో మా ఇంటికి వస్తారు. ఏడాదిలో మా వాకిట్లో ముగ్గు పెద్దగా పడేది ఆరోజే. ఉగాదికి పచ్చడి కుండ. ఆ తరువాత రెండు నెలలు మంచినీళ్ల కుండలు, కూజాలు, రంజన్లు. ఏడాది సంపాదనలో ఎక్కువ భాగం ఈ రెండు నెలల్లోనే వస్తుంది. మీకు యాసంగి కోతలెట్లాగో మాకు చైత్రం, వైశాఖం అట్లాగ. అప్పుడు అకాల వాన పడితే మీ వడ్లు తడుస్తాయి, మా పచ్చి కుండలు కరుగుతాయి. తేడా ఏమంటే, వడ్ల నష్టం రాసుకోవడానికి ఎవరో ఒకరు వస్తారు. కుండల నష్టం రాసుకోవడానికి ఎవరూ రారు.

ఒక కుండ వెనక పని

సారె తిప్పడమే కుమ్మరి పని అనుకుంటారు. అది పనిలో పావు వంతు కూడా కాదు. ఎండిన మన్ను కొట్టాలి, నానబెట్టాలి, రాళ్లు, వేర్లు ఏరాలి, సన్న ఇసుక కలపాలి, కాళ్లతో తొక్కాలి. మా ఇంట్లో సారె మీద కూచునేది నేనే అయినా మన్ను తొక్కేది, ఇసుక జల్లెడ పట్టేది, జాజు పూసేది, ఆరబెట్టేది, బుట్ట నెత్తిన పెట్టుకొని అంగడికి పోయేది మా ఇంటామె. పేరు మాత్రం కుమ్మరిదని నాకు వస్తుంది.

సారె మీద నుంచి దింపిన కుండకు అడుగు ఉండదు. కొంచెం ఆరాక లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టుకుంటూ అడుగు కలపాలి, పొట్ట పెంచాలి. తరువాత నీడన ఆరాలి. ఎండలో పెడితే పగులుతుంది. ఆపైన ఆవం. కింద కట్టె, పైన కుండలు పేర్చి, గడ్డి కప్పి, మట్టి మెత్తుతాం. మొదట సన్నని మంట పెట్టి లోపలి తడి పోగొట్టాలి. తొందరపడి మంట పెంచితే కుండలు లోపలే టప్పుటప్పుమని పగులుతాయి. ఆ చప్పుడు విన్న రాత్రి మాకు అన్నం సహించదు. చల్లారాక విప్పి చూస్తే నూటికి పదో పదిహేనో పోయినా బాగా కాలిందనే అంటాం.

మంచినీళ్ల కుండ గురించి ఒక్క మాట. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీళ్లు బయటికి ఊరి గాలికి ఆవిరవుతాయి. ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని లాక్కుంటాయి. అందుకే నీళ్లు చల్లబడతాయి. పైన రంగులు పూసి మెరిపించిన కుండ కొంటే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి, నీళ్లు చల్లబడవు. తరువాత కుమ్మరిని తిట్టకండి.

మన్ను ఎలా పోయింది

ఇక అసలు సంగతికి వస్తాను. మిషన్ కాకతీయ 2015లో మొదలైంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు బాగుచేయాలని పెట్టుకున్నారు. చెరువుల్లో పూడిక తీశారు, ఒండ్రు పొలాలకు పోయింది. అది మంచి పని. నా కౌలు పొలానికి కూడా నాలుగు ట్రాక్టర్లు తోలుకున్నాను. కానీ పూడిక తీయడం అంటే ఏమిటో అప్పుడు చూసిన కొందరు, దాని పేరు మీద తరువాత వేరే వ్యాపారం మొదలుపెట్టారు.

రెండేళ్ల కింద ఎండాకాలంలో మన చెరువులో రాత్రిపూట పొక్లెయిన్లు దిగాయి. ఒండ్రుతో ఆగలేదు. జిగట మన్ను మొత్తం తీసి టిప్పర్లలో ఇటుక బట్టీలకు తోలారు, మొరం తేలేదాకా తవ్వారు. ఆ వారంలోనే మేం ఇద్దరం పారలతో మన్ను తవ్వుతుంటే ఒక అధికారి వచ్చి పర్మిషన్ ఏదని అడిగాడు. గంప కింద పెట్టమన్నాడు. మా వెనక నుంచే టిప్పర్లు పోతున్నాయి.

ఆ ఏడు మాకు మన్ను దొరకలేదు. పాత కుప్ప సంక్రాంతికే అయిపోయింది. ఎండాకాలం రెండు నెలలు సారె ఆగింది. పక్క మండలం నుంచి ట్రాక్టర్ మన్ను కొని తెచ్చాను. అందులో సుద్ద పలుకులు ఉన్నాయి. కాలినప్పుడు బాగానే ఉన్నాయి గానీ, నీళ్లు తగిలాక పలుకు ఉబ్బి పెచ్చులు లేచాయి. కొన్నవాళ్లు తిరిగి తెచ్చి ఇచ్చారు. నలభై ఏళ్లలో నా కుండ తిరిగి రావడం అదే మొదలు.

ఇది కుమ్మరి కష్టమే అనుకోకండి. ఆ జిగట మన్నే చెరువుకు అడుగు. అది ఉంటేనే నీళ్లు నిలుస్తాయి. దాన్ని చీల్చి మొరం తేల్చినచోట నీళ్లు భూమిలోకి దిగిపోతాయి. బావుల్లోకి ఊట వస్తుంది కదా అని ఒకరన్నారు. కొంత వస్తుంది, నిజమే. కానీ తూము కింది చివరి మడికి యాసంగిలో నీళ్లందలేదన్నదీ నిజమే. చివరి మడి నా కౌలుదే, అందుకే నాకు తెలుసు. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక దెబ్బ అన్నారు పెద్దలు. చెరువుకు కూడా అంతే. ఎన్ని తరాలుగానో పేరుకున్న అడుగును ఆ యంత్రం నాలుగు రాత్రుల్లో తీసింది.

మన తప్పులు కూడా చెప్పుకోవాలి. ఆ టిప్పర్లకు దారి ఇచ్చి పైసలు తీసుకున్నవాళ్లు మనలో ఉన్నారు. మావాళ్లు కూడా పూర్వం తూము దగ్గర తవ్వి గుంతలు అలాగే వదిలేశారు. ఒకరి బర్రె అందులో పడి కాలు విరిగింది. ఆ కోపం ఇప్పటికీ కొందరికి ఉంది. అది న్యాయమైన కోపమే.

చట్టంలో ఉన్న మాట

ఆ అధికారి పర్మిషన్ అడిగాక నేను తెలుసుకున్నది చెప్తాను. 2016 జనవరి 15న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌లో, కుమ్మరులు తమ ఆచారం ప్రకారం కుండలు, దీపాలు, బొమ్మల కోసం చేత్తో తవ్వుకునే మామూలు మట్టికి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదని ఉంది. 2020 మార్చిలో ఆ జాబితా మార్చినప్పుడు కూడా ఈ మాట ఉంచారు. గుర్తుంచుకోండి, చేత్తో తవ్వితేనే. యంత్రం దించితే ఈ మాట వర్తించదు. అలాగే ఇది పర్యావరణ అనుమతికి మాత్రమే మినహాయింపు. చెరువు విషయంలో ఊరి ఒప్పుదల, నీటిపారుదల శాఖ ఒప్పుదల వేరే కావాలి. మేం అడిగేది అదే.

2023 సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ పథకం పెట్టారు. 18 వృత్తుల్లో మాది కూడా ఉంది. పనిముట్లకు 15 వేల రూపాయలు, మొదటి విడత లక్ష రూపాయల అప్పు 5 శాతం వడ్డీకి ఇస్తామన్నారు. మా పిల్లలు దరఖాస్తు చేసుకోవాలి, నేను వద్దనను. కరెంటు సారె వస్తే నడుముకు సుఖమే. కానీ సారె ఇచ్చి మన్ను లేకుండా చేస్తే, ట్రాక్టర్ ఇచ్చి పొలం తీసుకున్నట్టే.

సంఘాన్ని అడిగేది

ఒకటి. చెరువు శిఖంలో కట్టకూ తూముకూ దూరంగా, ఆయకట్టు రైతులే చూపించిన చోట అర ఎకరం కుమ్మరి మన్నుకు గుర్తు పెట్టాలని గ్రామసభలో తీర్మానం పెట్టండి. సంఘం సంతకం ఉంటే ఆ కాగితానికి బలం వస్తుంది.

రెండు. మేం ఇచ్చే మాట. పారతోనే తవ్వుతాం. మోకాలి లోతు దాటం. పైన తీసిన ఒండ్రు గట్టున పోస్తాం, ఎవరి పొలానికైనా తీసుకుపోండి. వానలకు ముందే గుంత చదును చేస్తాం. చేయకపోతే మరుసటి ఏడు మన్ను ఆపేయండి.

మూడు. కోత మిషన్ పోయాక గడ్డిని, ఏరడం అయిపోయాక పత్తి కట్టెను చాలామంది పొలంలోనే కాలుస్తున్నారు. ఆ మంటకు భూమి పైపొరలోని జీవం చస్తోంది. కాల్చకుండా మాకు కబురు చేయండి. మేమే కోసి, మోసుకుపోతాం. ఆవానికి పత్తి కట్టె మంచి మంట ఇస్తుంది. బదులుగా ఎండాకాలం మీ ఇంటికో కుండ మా బాకీ.

నాలుగు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు నిషేధం. అయినా ఇందాక మనం చాయ్ తాగింది వాటిలోనే. వచ్చే సభకు మట్టి కప్పులు నేను తెస్తాను. మొదటిసారి ఊరికే ఇస్తాను, తరువాత సంఘం కొనాలి.

నా కొడుకు పట్నంలో డ్రైవర్. వాడిని వెనక్కి రమ్మని నేను అడగను. కానీ వాడి కూతురు సెలవుల్లో వస్తే సారె పక్కనే కూచుంటుంది, ఉండ పెట్టమంటుంది. ఈ మేలో మన్ను తవ్వితేనే వచ్చే ఎండాకాలం ఆ పిల్ల చేతికి ఉండ ఇవ్వగలను. ఏప్రిల్‌లో గ్రామసభ ఉంది. ఆరోజు మీరంతా వచ్చి చెయ్యెత్తితే చాలు.