ఇంటి తాకట్టు విడిపించుకొను మార్గము

అప్పులేనివాఁడే యధిక సంపన్నుఁడని పెద్దల మాట. ఇల్లు తాకట్టుపెట్టి, సాలుకు నూటికి 9 వడ్డీతో 20 ఏండ్ల గడువునకు 30 లక్షలు తెచ్చినవారి లెక్క చూతము. నెలసరి వాయిదా 26,992 రూపాయలు. అందు మొదటినెల 22,500 వడ్డీకే పోవును. వడ్డీ యిట్లే యుండఁగా, మొదటినుండియు నెలకు మఱి 2,000 చెల్లించినచో నది యసలులోనే తగ్గును; ఋణము దాదాపు 40 నెలలు ముందుగఁ దీరును; రమారమి 6 లక్షల 70 వేల వడ్డీ మిగులును. మారుచుండు వడ్డీగల గృహఋణములను ముందుగఁ దీర్చినందులకు బ్యాంకులు రుసుము గొనరాదని రిజర్వు బ్యాంకు 2012లో నాదేశించెను. కావున అదనపు సొమ్ము నసలునకు జమకట్టి, వాయిదా తగ్గింపక గడువునే తగ్గింపుఁడని వ్రాతమూలముగఁ గోరుఁడని మా మనవి. ఇంటి దస్తావేజు పరుల పెట్టెలో నున్నంతకాలము మనము స్వతంత్రులమని చెప్పుకొనఁజాలము.