దావత్ అయ్యాక
(మన సొసైటీ వార్షిక సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. చదువుతోనే మొదలుపెడతాను గానీ చెత్త దగ్గరికి వెళ్తాను. భోజనాల ముందు ఈ మాట ఎందుకని అనుకోకండి. భోజనాల ముందే చెప్పాల్సిన మాట ఇది.

నిరుడు మా ఏడో తరగతిలో ఒక అమ్మాయి బడికి రావడం తగ్గించింది. సంగతేమిటో కనుక్కుందామని ఇంటికి వెళ్లాను. తల్లి మున్సిపాలిటీ కంపోస్టు షెడ్డులో కూలి పని చేస్తుంది. తడి చెత్తలో కలిసి వచ్చిన గాజు పెంకు అరచేతిలో దిగి, చీము పట్టి, చెయ్యి వాచిపోయింది. వంట, నీళ్లు, చిన్న తమ్ముడు అన్నీ ఈ పిల్ల మీద పడ్డాయి. "గాజు ఎక్కడిదమ్మా?" అని అడిగితే, "ఫంక్షన్ల నుంచి వచ్చే సంచుల్లోది సార్. ఆదివారం పెళ్లిళ్లుంటే సోమవారం మాకు భయం" అంది. ఆ ముందు ఆదివారం జరిగిన వలీమాల్లో ఒకదానికి నేనూ వెళ్లాను. తిన్నాను, చెయ్యి కడుక్కున్నాను, వచ్చేశాను.

మర్నాడు ఆ షెడ్డు చూడ్డానికి వెళ్లాను. సర్కారు ఏమీ చెయ్యదని మనం తేలిగ్గా అనేస్తాం. అక్కడ రేకుల కప్పు ఉంది, సిమెంటు తొట్లు ఉన్నాయి, జల్లెడ యంత్రం ఉంది. వెనకవైపు తయారైన ఎరువు గుట్టగా పడి ఉంది. నేనున్నప్పుడే ఒక రైతు వచ్చి దోసెడు ఎరువు తీసి చూశాడు. అందులో షాంపూ ప్యాకెట్ల ముక్కలు, గాజు రవ్వలు కనిపించాయి. "చెప్పుల్లేకుండా దిగే పొలం సార్ నాది. డబ్బులిచ్చి గాజు చల్లుకోమంటారా?" అని ఖాళీ ట్రాలీతో వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఈ విషయం కొంచెం చదివాను. కథ పాతదే. అల్మిత్రా పటేల్ అనే ఆవిడ 1996లో పట్టణాల చెత్త గురించి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగానే 2000లో నిబంధనలు వచ్చాయి. 2016లో వాటిని తిరగరాసి, చెత్తను ఇంటి దగ్గరే తడి, పొడి, ప్రమాదకరమైనవి అని మూడుగా వేరు చెయ్యడం తప్పనిసరి చేశారు. మనకు నేరుగా తగిలే మాట కూడా అందులో పెట్టారు. లైసెన్సు లేని చోట, అంటే ఇంటి ముందు షామియానా వేసో, ఖాళీ స్థలంలోనో వందమందికి మించి పిలిస్తే, మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి తెలియజేయాలన్నారు. చెత్త వేరు చేసి ఇచ్చే బాధ్యత పిలిచినవాళ్లదేనన్నారు. మన ఇఫ్తార్లలో ఎన్నింటికి ఆ కబురు వెళ్లిందో కార్యదర్శి గారు చెప్పాలి. (నవ్వులు) నవ్వకండి, నేనూ ఆ కమిటీలో ఉన్నవాణ్ణే.

ఇక డబ్బు. స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశలో 5,000 జనాభా లోపు ఊళ్లకు చెత్త పనుల కోసం తలకు 60 రూపాయలు, అంతకు మించిన ఊళ్లకు 45 రూపాయల దాకా లెక్క కట్టారు. అందులో 70 శాతం ఆ పథకం నుంచి, మిగతా 30 శాతం పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల నుంచి. నాలుగు వేల మంది ఉన్న ఊరికి 2,40,000 రూపాయలు. షెడ్డుకు, తొట్లకు, చెత్తబండికి ఆ డబ్బు ఆసరా. తయారైన ఎరువు అమ్ముడుపోవడానికి 2016లో కేంద్రం టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. 2023లో గోబర్‌ధన్ ప్లాంట్ల సేంద్రియ ఎరువుకూ అంతే ఇస్తామన్నారు.

ఆ సాయం అమ్ముడైన ఎరువుకే అన్నారు. అమ్మాలంటే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రమాణాలకు అది నిలవాలి. నూటికి తొంభై పాళ్లు 4 మిల్లీమీటర్ల జల్లెడలో దిగాలి. కిలోలో సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదు. పెద్ద పెంకును జల్లెడ ఆపుతుంది, గాజు రవ్వను ఆపదు. కుళ్లే చెత్తలో కలిసి నానిన పాత బ్యాటరీలోని విషాన్ని ఏ జల్లెడా ఆపలేదు. అంటే షెడ్డు కట్టడానికి సర్కారు డబ్బు సరిపోతుంది గానీ, ఎరువు తయారవుతుందా లేదా అన్నది మన వంటగదిలో తేలిపోతుంది.

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూడండి. అక్కడ రోజూ మిగిలే పది టన్నుల దాకా కూరగాయల వ్యర్థం నుంచి గ్యాస్ తీసి, సుమారు 500 యూనిట్ల కరెంటు పుట్టించారని పేరు వచ్చింది. ప్రభుత్వ సంస్థలే డబ్బు పెట్టాయి. అది నడవడానికి నాకు కనిపించిన కారణం ఒకటే. కుళ్లిన టమాటా, క్యాబేజీ ఆకుల మధ్య గాజు గ్లాసులు ఉండవు.

దేశంలో పట్టణాల చెత్త రోజుకు సుమారు 1,60,000 టన్నులని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్క. ఇంచుమించు సగం కుళ్లేదే. దాన్ని డంపింగ్ యార్డులో గుట్ట పోస్తే, లోపల గాలి ఆడక మీథేన్ పుడుతుంది. ఎండాకాలం అది అంటుకుని రోజుల తరబడి పొగ. ఆ పొగ ఎవరి ఇళ్ల మీదికి పోతుందో, మనం స్కాలర్‌షిప్పులిచ్చే పిల్లల చిరునామాలు చూస్తే తెలుస్తుంది.

మన హాస్టల్లో కంపోస్టు గుంట తవ్వించింది నేనే, చెడగొట్టిందీ నేనే. అన్నీ వేసెయ్యమన్నాను. సాలన్, ఎముకలు, మిగిలిన బిర్యానీ వేశారు. పదో రోజుకు పురుగులు, వాసన. పక్కింటి పెద్దాయన గోడ మీంచి అన్న మాటలు ఇక్కడ చెప్పను. తప్పు ఎక్కడుందో ఒక రైతు చూపించాడు. నూనె, మాంసం మానేసి, ఒక బకెట్ తొక్కలకు రెండు బకెట్ల ఎండుటాకులు వెయ్యమన్నాడు. పిండిన బట్టంత తడి ఉండాలి, వారానికోసారి తిరగెయ్యాలి. మూడో రోజు చెయ్యి పెడితే వేడి తగిలింది. రెండున్నర నెలలకు నల్లటి ఎరువు, వాన పడ్డ మట్టి వాసన. ఇప్పుడు హాస్టల్ మునగచెట్లకు అదే. వండిన తిండి మిగిలినది మాత్రం విడి డ్రమ్ములో మున్సిపాలిటీ బండికి ఇస్తున్నాం. బక్రీద్ నాటి వ్యర్థాలు మరీ వేరు. వాటికి ముందే చెప్పి ప్రత్యేకంగా బండి పిలిపించుకోవాలి.

దాతలను నేను అడిగేది పెద్ద మొత్తం కాదు. ఒక దావత్‌కు మీరు పెట్టే ఖర్చులో డ్రమ్ములకు, వాటి దగ్గర నిలబడి చూసుకునే ఒక మనిషి కూలికి కొంత కలపండి. షెడ్డులో పనిచేసే పదకొండు మంది ఆడవాళ్లకు మందపాటి గ్లౌజులు, బూట్లు కావాలి. అవి ఇవ్వాల్సింది నిజానికి మున్సిపాలిటీయే. అర్జీ పెట్టాం, మళ్లీ పెడతాం. ఆ లోపల సోమవారాలు ఆగవు కదా.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎనిమిదిలో ఉంది, రోజూ వస్తోంది. తల్లి చెయ్యి మానింది గానీ మధ్యవేలు పూర్తిగా ముడుచుకోదు. ఇవాళ భోజనాల దగ్గర డ్రమ్ములు పెట్టించాను. ఆకుపచ్చ దాంట్లో మిగిలిన తిండి, నీలం దాంట్లో కాగితం, ప్లాస్టిక్. గాజు సీసాలు, గ్లాసులు దేంట్లోనూ వెయ్యకండి, నా చేతికివ్వండి. నేను గుమ్మం దగ్గరే ఉంటాను.