కాజా దగ్గర ఆగిన చొక్కాలు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"వ్యాపారం అర్థం కావాలంటే పెద్ద చదువులు కావాలి, మాకేం తెలుస్తుంది?" అని మన కుర్రవాళ్లు అంటుంటారు. దర్జీ దుకాణంలో నాలుగేళ్లు పనిచేసినవాడు కూడా ఇదే మాట అంటాడు. ఈ మాట సరికాదని దర్జీ పనిలోనే పెరిగిన మేము మనవి చేయదలిచాం.

ఒక చొక్కా వెంట నడిచి చూద్దాం. గిరాకీ రాగానే కొలతలు పుస్తకంలో రాస్తాం. గుర్తుకోసం గుడ్డ ముక్క ఒకటి ఆ కాగితానికి పిన్ను కొడతాం. ఆ తర్వాత కటింగు, మిషను, కాజా గుండీలు, ఇస్త్రీ. ఆఖరున చొక్కా గిరాకీ చేతికి, డబ్బు గల్లాలోకి. పెద్ద కంపెనీలవారు 'ప్రాసెస్' అనేది ఇదేనండి. ఆ గుడ్డ ముక్క చేసే పనినే అక్కడ కంప్యూటరు చేస్తుంది.

ఇప్పుడు రంజాన్ నెల లెక్క ఒకటి వేద్దాం. కటింగ్ మాస్టరు రోజుకు 20 చొక్కాలు కోస్తాడనుకోండి. నాలుగు మిషన్ల మీద 16 తయారవుతాయి. కాజాలు తీసేవాడు ఒక్కడే, వాడి చేతిమీద 12 మాత్రమే అవుతాయి. పది రోజులకు 200 చొక్కాలు కోస్తే బయటికి వచ్చేవి 120. మిగిలిన 80లో 40 మిషన్ల దగ్గర, 40 కాజాల దగ్గర పడి ఉంటాయి. తీసుకున్న అడ్వాన్సు దారానికీ కూలికీ ఎప్పుడో అయిపోయింది. చాంద్ రాత్ నాడు గుమ్మం ముందు గిరాకీలు, లోపల కేకలు. తిట్లు తినేది మిషను మీది కుర్రవాడు!

అప్పుడు యజమాని ఏం చేస్తాడు? అప్పు తెచ్చి ఐదో మిషను కొంటాడు. దానివల్ల లాభమేమిటి? కాజాల దగ్గర కుప్ప పెరుగుతుంది, అంతే. బయటికి వచ్చేవి మళ్లీ 12. అదే, మిగిలిన నాలుగు చొక్కాలు బయట కాజా మిషను ఉన్న దుకాణానికి పంపితే, అప్పు లేకుండానే రోజుకు 16 అవుతాయి. ఆర్డర్లు కూడా 16కే ఒప్పుకుంటే మాట పోదు.

1984లో గోల్డ్‌రాట్ అనే ఆయన మరొకరితో కలిసి రాసిన 'ది గోల్' అనే నవలలో ఇదే విషయం ఉంది. వరుసగా నడిచే పిల్లల్లో అందరికంటే మెల్లగా నడిచేవాడిని బట్టే వరుస సాగుతుందని అందులో చూపారు. మన కాజాలవాడి సంగతీ అంతే. పాపం, వాడు సోమరి కాడు. వాడి మీద పడ్డ పనే ఎక్కువ.

కనుక మీరు బేకరీలో ఉన్నా, మెకానిక్ షెడ్డులో ఉన్నా, ఇంట్లో చేతికుట్టు చేస్తున్నా, మూడు ప్రశ్నలు వేసుకోండి. పని ఎక్కడ ఆగుతోంది? ఎందుకు ఆగుతోంది? డబ్బు ఎప్పుడు చేతికొస్తోంది? జవాబు చాలాసార్లు పనివాడికే ముందు తెలుస్తుంది. యజమానులైన పెద్దలు వాడిని అడగాలి. ఆర్డరు పుస్తకం దగ్గర కూడా కొన్నాళ్లు కూర్చోబెట్టాలి. మిషను కొనడానికి అప్పు అడిగేవారిని మనమూ ముందుగా ఈ ప్రశ్నలే అడుగుదాం. అవసరం లేని అప్పు ఒక్కటి ఆగినా ఒక ఇల్లు నిలబడుతుంది.