కుడినొక్కు కవలలు

 

తెలుగు కంప్యూటింగు మీద ఏదైనా మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, నేను సాఫ్ట్‌వేరు మనిషిని కాదండీ అని చెప్పాను. నేను బర్ దుబాయ్‌లో ఒక చిన్న వ్యాపార సంస్థలో లెక్కలు రాసుకునేవాణ్ణి. "మీరు ఆదివారాలు చేసే పని గురించి చెప్పండి" అన్నారు. అదైతే చెప్పగలను. అందులోనూ ఒక చిన్న చిక్కు గురించే చెబుతాను. ఫైళ్ళు చూపించే కిటికీలో ఏదైనా ఫైలు మీద మౌసుతో కుడివైపు నొక్కితే ఒక పట్టీ తెరుచుకుంటుంది కదా, ఆ పట్టీలో ఒకే పేరు రెండుసార్లు కనబడటం గురించి. నవ్వుతున్నారు, నవ్వండి. నేనూ మొదట నవ్వాను.

బర్ దుబాయ్ చూడనివారికి రెండు మాటలు. క్రీక్ అనే ఉప్పునీటి పాయకి ఒక ఒడ్డున దేరా, రెండో ఒడ్డున మేము. మధ్యలో అబ్రా అనే చెక్క పడవ. ఒక్క దిర్హాం ఇస్తే అవతల దింపుతుంది. 1787లో కట్టిన అల్ ఫహీదీ కోట, దాని పక్క సందుల్లో మీనా బజార్, చీరల దుకాణాలు, బంగారం కొట్లు, మన ఇడ్లీ దోశల హోటళ్ళు. కాస్త ఇవతలగా ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు. కంప్యూటర్ కొట్లకి అది పెట్టింది పేరు. ఆ కొట్లలోనే వాడిన లాప్‌టాపులు మూడు చవగ్గా కొని, వాటిలో లినక్స్ వేసి, తెర మీద అక్షరాలన్నీ తెలుగులోకి మార్చి మా ఇంటి హాల్లో పెట్టాను. అంతకుముందు శుక్రవారాలు జరిగేది మా బడి. 2022లో దేశంలో వారాంతం శని, ఆదివారాలకి మారాక ఆదివారాలకి మార్చుకున్నాం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపు నుంచి వచ్చిన కూలీలూ, కోనసీమ నుంచి వచ్చిన డ్రైవర్లూ వస్తారు. ఇంటికి ఉత్తరాలు, కంపెనీకి అర్జీలు, పాస్‌పోర్టు కాగితాల నకళ్ళు, ఇవే మా పాఠాలు.

వాళ్ళలో ఒకాయన, నాకంటే పెద్దవాడు, మేస్త్రీ పని. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సారూ అంటాడు. ఎన్నిసార్లు వద్దన్నా మానడు. ఒక ఆదివారం పిలిచాడు.

"సారూ, ఇది సూడున్రి. దీనితో తెరువు అని నొక్కితే రైటర్ రెండుసార్లొస్తున్నది. ఏది నొక్కాలె?"

"ఏది నొక్కినా ఒకటేనన్నా. రెండోది అదనం. తీసేస్తాను ఉండు."

ఈ ప్రసంగమంతా ఆ "ఉండు" తరువాత జరిగిన దాని గురించే.

లినక్స్‌లో ప్రతి ప్రోగ్రాముకీ ఒక చిన్న చీటీ లాంటి ఫైలు ఉంటుంది. దాని పేరు చివర డాట్ డెస్క్‌టాప్ అని ఉంటుంది. లోపల ప్రోగ్రాము పేరేమిటి, తెలుగులో ఏమని చూపించాలి, ఏ ఆజ్ఞతో నడవాలి, ఏ రకం ఫైళ్ళు తెరవగలదు అని రాసి ఉంటుంది. ఈ చీటీలు ఒకేచోట ఉండవు. యంత్రంలో అందరికీ చెందినవి ఒక అరలో, వాడుకరి సొంతానివి ఆయన ఇంటి అరలో, ఫ్లాట్‌పాక్ అనే పద్ధతిలో తెచ్చుకున్న ప్రోగ్రాములవి ఇంకో అరలో ఉంటాయి. ఫైళ్ళ కిటికీ అన్ని అరలూ వెతికి పట్టీ తయారుచేస్తుంది.

మరి రెండుసార్లు రాకుండా ఎలా చూసుకుంటుంది? పట్టీలో కనిపించే పేరును బట్టి కాదు, చీటీ ఫైలు పేరును బట్టి. మా వాళ్ళకి నేనిలా చెప్పాను: క్యాంపులో ముగ్గురు గంగారాములుంటే మేస్త్రీ ఏం చేస్తాడు? లేబర్ కార్డు నంబరు చూస్తాడు. ఇక్కడ చీటీ ఫైలు పేరే ఆ నంబరు. ఒకే నంబరుతో రెండు అరల్లో చీటీలుంటే, ఇంటి అరలోదే చెల్లుతుంది, రెండోది కనబడదు. నంబర్లు వేరైతే మాత్రం, లోపల పేరు ఒకటే అయినా, ఇద్దరూ వరసలో నిలబడతారు.

మా యంత్రంలో జరిగిందదే. లినక్స్‌తో పాటు వచ్చిన లిబ్రేఆఫీస్ రైటర్ చీటీ పేరు లిబ్రేఆఫీస్ హైఫన్ రైటర్. తరువాత కొత్తది కావాలని ఫ్లాట్‌పాక్‌లో నేను తెచ్చిన దాని చీటీ ఆర్గ్ డాట్ లిబ్రేఆఫీస్ అని మొదలై పొడుగ్గా సాగుతుంది. ఇద్దరు గంగారాములు, రెండు కార్డులు. ఇందులో ఎవరి తప్పూ లేదు. రెండూ తెచ్చిపెట్టింది నేనే.

అప్పుడు చేయవలసిన పని చాలా చిన్నది. రెండు చీటీలూ తెరిచి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోవాలి. వద్దనుకున్న చీటీకి అదే పేరుతో ఒక నకలు ఇంటి అరలో పెట్టి, అందులో హిడెన్ ఈక్వల్ టు ట్రూ అని ఒక్క పంక్తి రాస్తే చాలు, అది లేనట్టే లెక్క. లేదా ఇంటి అరలోని మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ అనే ఫైలులో, తీసేసిన సంబంధాల కింద దాని పేరు చేర్చితే, ఆ రకం ఫైళ్ళకి మాత్రమే కనబడకుండా పోతుంది. తరువాత ఫైళ్ళ కిటికీని పూర్తిగా మూసి మళ్ళీ తెరవాలి. నాటిలస్‌కైతే నాటిలస్ హైఫన్ క్యూ అని ఆజ్ఞ ఇవ్వాలి, లేకపోతే పాత పట్టీనే చూపించి మనల్ని అనుమానంలో పడేస్తుంది. ఇందులో ఏ పనీ ప్రోగ్రామును ముట్టుకోదు. నచ్చకపోతే ఆ పంక్తి చెరిపేస్తే అన్నీ మునుపటిలాగే ఉంటాయి.

నేను అలా చేయలేదు. తరువాత తెచ్చింది కనక ఫ్లాట్‌పాక్‌దే అదనం అని తీర్మానించి, దాన్ని పీకేయమన్నాను. శుభ్రంగా ఉంటుందని, డేటాతో సహా తీసేయమనే ముక్క కూడా ఆజ్ఞకి తగిలించాను. అర నిమిషంలో అయిపోయింది. పట్టీలో ఒక్క రైటరే మిగిలింది. "అయిపోయిందన్నా" అన్నాను గర్వంగా.

ఆయన తన ఉత్తరం తెరిచాడు. కాసేపు మాట్లాడలేదు. "సారూ, అన్నీ ఎర్రగైనయి" అన్నాడు.

ఉత్తరం నిండా ఎర్రగీతలు. తొవ్వ, సోపతి, గడంచ, మక్కలు, గెట్టు, యాది. ప్రతి మాట కిందా గీతే. విషయం ఏమిటంటే, మూడేళ్ళుగా ఆయన ఎర్రగీత పడిన తన ఊరి మాటనల్లా ఒక్కొక్కటిగా నిఘంటువుకి చేర్చుకుంటూ వచ్చాడు. ఆ మాటల జాబితా స్టాండర్డ్ డాట్ డిక్ అనే ఫైలులో ఉంటుంది. ఫ్లాట్‌పాక్ రైటర్‌ది దాని సొంత గదిలో ఉంటుంది. ఆయన ఎప్పుడూ పట్టీలో పైదే నొక్కేవాడు, అది ఫ్లాట్‌పాక్‌ది. నేను ఆ గదిని గోడలతో సహా కూల్చేశాను.

ఎన్ని మాటలని అడగలేకపోయాను. ఆయన కూడా నన్ను ఏమీ అనలేదు. ఏమన్నా అనుంటే కాస్త తేలికగా ఉండేది.

ఇలాంటిదే, కానీ సరిగ్గా తిరగబడ్డ సంగతి ఇంకోటి మా భవనంలోనే జరిగింది. ఇది మీలో చాలామంది వాడే విండోస్‌లో. పెన్ డ్రైవ్ పెట్టినప్పుడు ఎడమవైపు పట్టీలో అది రెండుచోట్ల కనబడటం మీరు చూసే ఉంటారు: దిస్ పీసీ కింద ఒకసారి, విడిగా కిందన ఇంకోసారి. అక్కడ ఉన్నది ఒకటే, చూపు రెండు. ఒకామె దాన్ని నకలు అనుకుని, చోటు మిగులుతుందని ఒకదాంట్లో ఫోటోలన్నీ చెరిపేసింది. రెండోదీ ఖాళీ అయింది. పెన్ డ్రైవ్ నుంచి చెరిపినవి మామూలుగా రీసైకిల్ బిన్‌కి కూడా పోవు. ఆమె వెంటనే నా దగ్గరికి వచ్చింది గనకా, దాని మీద కొత్తవేవీ రాయలేదు గనకా, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో చాలావరకు లాగగలిగాం. ఫైళ్ళ పేర్లు మాత్రం పోయాయి.

కాబట్టి ఒకటే రెండుగా కనబడవచ్చు. రెండు వేర్వేరువి ఒకే పేరుతో కనబడవచ్చు. కంటికి తేడా తెలియదు. ఏదైనా ఫైలు ఒకదాంట్లో కొత్తగా పెట్టి, రెండోదాంట్లోకి వచ్చిందేమో చూస్తే తెలుస్తుంది. చెరిపి చూడకండి, పెట్టి చూడండి.

ఇక తెలుగువాళ్ళకే ప్రత్యేకంగా దక్కిన ఒక కవల జత ఉంది. దాని గురించి చెప్పకపోతే ఈ సభకి వచ్చి ప్రయోజనం లేదు. ఫైళ్ళ కిటికీలో ఖాళీచోట కుడివైపు నొక్కితే కొత్త పత్రం అని వస్తుంది. టెంప్లేట్ల అరలో మీరు పెట్టుకున్న నమూనాలన్నీ అందులో వరసగా కనబడతాయి. మా దగ్గర "వైద్య సెలవు అర్జీ" అని ఒక నమూనా ఉండేది. ఒకతను పాస్‌పోర్టు మార్చుకున్నాడు, నంబరు మారింది. ఆ నమూనాని పాత మ్యాక్ వాడే మా మేనల్లుడికి పంపితే, వాడు నంబరు సరిచేసి జిప్ కట్టి తిరిగి పంపాడు. అదే అరలో విప్పాను. పాతదాని మీద కూర్చుంటుంది కదా అనుకున్నాను. కూర్చోలేదు. పట్టీలో రెండు వైద్య సెలవు అర్జీలు, అక్షరం తేడా లేకుండా. అతను పాతది నొక్కి, పాత పాస్‌పోర్టు నంబరుతో అర్జీ పెట్టాడు. అది తిరిగి వచ్చింది.

తప్పంతా "వై"లో ఉంది. యూనికోడ్‌లో ఐత్వానికి ఒకే సంకేతం ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం ఒకటి, దాని కింద తోక ఒకటి అని రెండు సంకేతాలుగా కూడా రాయవచ్చు. రెండూ సమానమేనని ప్రమాణం చెబుతుంది. మనం కీబోర్డు మీద కొట్టేది మొదటి రకం. 2017కి ముందు మ్యాకులు వాడిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అనే పద్ధతి ఫైలు పేర్లను రెండో రకంగా విడగొట్టి దాచేది. లినక్స్ మామూలుగా బైట్లు మాత్రమే పోల్చుతుంది. తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. ఒక "వై" ఆరు బైట్లు, ఇంకో "వై" తొమ్మిది. దాని దృష్టిలో ఇవి వేర్వేరు పేర్లు. మన లిపిలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. కన్నడంవారికి ఇలాంటివి ఐదున్నాయి, పాపం. పరిష్కారం: రెండింటి లోపలా చూసి, తేదీలు సరిపోల్చి, కావలసినదాని పేరును చేత్తో మళ్ళీ టైపు చేసి, పాతదాన్ని వేరే అరలో దాచండి.

అనువాదకులు ఎవరైనా ఈ హాల్లో ఉంటే ఒక మనవి. స్వేచ్ఛ వంటి సంస్థలవాళ్ళూ, ఏ జీతమూ లేని ఎందరో యువకులూ ఈ పట్టీలను తెలుగు చేసిపెట్టారు, వారికి దండం. కానీ ఇంగ్లీషులో డిలీట్ అన్నా రిమూవ్ అన్నా మనం "తొలగించు" అనేస్తుంటాం. ఒకటి ఫైలునే పారేస్తుంది, ఇంకోటి జాబితాలోంచి పేరు మాత్రమే తీస్తుంది. ఒకే పట్టీలో రెండు "తొలగించు"లు చూసి మా అన్న లాంటివాడు ఏది నొక్కాలి? "ఫైలును చెరిపివేయి", "జాబితా నుంచి తీసివేయి" అంటే రెండు మాటలు ఎక్కువవుతాయి. అవనివ్వండి.

అన్న సంగతి అడుగుతారని తెలుసు. మాటల జాబితా పోయింది గానీ ఉత్తరాలు పోలేదు. ఇప్పుడు ఆదివారం బడి అయ్యాక ఇద్దరం కూర్చుని ఆయన పాత ఉత్తరాలు ఒక్కొక్కటీ తెరుస్తున్నాం. ఎర్రగీత పడ్డ మాట మీద కుడివైపు నొక్కి, నిఘంటువుకి చేర్చడం. ఇప్పటికి పదకొండు ఉత్తరాలయ్యాయి. ప్రతివారం చివర్న ఆ జాబితాకి ఒక నకలు తీసి, ఆయన పెన్ డ్రైవ్‌లో ఒకటి, నా దగ్గర ఒకటి పెడుతున్నాం. మొన్న "గడంచ" దగ్గర నేను ఆగి, అంటే ఏమిటన్నా అని అడిగాను. మంచం అన్నాడు. "మరి మంచం అనే రాయొచ్చు కదా, గీత పడదు" అన్నాను.

"మంచం ఈడున్నది సారూ, క్యాంపుల. గడంచ ఇంటికాడున్నది" అన్నాడు.

చేర్చు నొక్కాను.