వెలుగు ఇచ్చాం, గాలికి దారి ఇచ్చామా?



అక్టోబరు వచ్చిందంటే నార్త్ కరోలినాలోని క్యారీలో మన ఇళ్ళలో ఒక హడావుడి మొదలవుతుంది. రాత్రి ఉష్ణోగ్రత ఇక్కడి లెక్కలో 50 డిగ్రీలకు, మన లెక్కలో 10 డిగ్రీలకు దిగుతుందని తెలియగానే డెక్ మీద ఉన్న కరివేపాకు కుండీ లోపలికి వస్తుంది. దాని వెనకే మల్లె, తమలపాకు తీగ వస్తాయి. మళ్ళీ ఏప్రిల్ మధ్య దాకా వాటిని బయట పెట్టడానికి ధైర్యం చాలదు. అమెరికా వ్యవసాయ శాఖ 2023లో విడుదల చేసిన పటంలో మన ప్రాంతం 8ఏ మండలంలోకి వచ్చింది. అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి, సగటున, సున్నాకు 9 నుంచి 12 డిగ్రీలు కిందికి పోతుంది. కరివేపాకు ఓర్చుకోగల చలి కాదది.

అందుకే మనలో చాలామంది పాత పుస్తకాల అల్మరాకో బట్టల బీరువాకో లోపల తెల్లరంగు వేసి, పైన ఎల్ఈడీ దీపం బిగించి మొక్కల అల్మరా చేసుకుంటున్నారు. దానితో శీతాకాలమంతా కరివేపాకు చిగురిస్తుంది, ఫిబ్రవరిలోనే మిరప, వంగ నారు సిద్ధమవుతుంది. గోంగూర పగలు తగ్గే రోజుల్లో పూతకు పోయే మొక్క. దానికి రోజుకు 14 గంటల వెలుగు ఇస్తే పూతకు తొందరపడక ఆకు ఇస్తూ ఉంటుంది. ఇది మంచి పని, మనందరికీ చేతనైన పని.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చలికి భయపడి కట్టిన ఆ అల్మరాలో మొక్కకు ముప్పు చలి వల్ల రాదు, ఉక్కపోత వల్ల వస్తుంది. దీపం కొనేటప్పుడు పది రకాలు పోల్చి చూస్తాం. గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలన్నది మాత్రం అన్నీ బిగించాక ఆలోచిస్తాం. ఈ వరసను తిరగెయ్యాలి.

మూసిన గదిలో మొక్కను పెంచడానికి పెద్ద చరిత్రే ఉంది. 1949లో పసాడెనాలోని కాల్‌టెక్‌లో ఫ్రిట్స్ వెంట్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఫైటోట్రాన్ ప్రారంభమైంది. ఉష్ణోగ్రత, వెలుగు, తేమ ఒక్కొక్కటి మొక్కను ఎలా మారుస్తాయో విడివిడిగా పరీక్షించగల ప్రయోగశాల అది. అలాంటిదే 1968లో మన పక్కనే, రాలీలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో మొదలైంది. ఇలాంటి చోట్ల వాడే పెంపకపు గదుల్లో తరచూ కనిపించే ఏర్పాటు ఒకటుంది. దీపాలను పైన వేరే అరలో ఉంచి, మొక్కలకూ వాటికీ మధ్య గాజు పలకో ప్లాస్టిక్ పలకో బిగించి, దీపాల వేడిని దాని దారిన బయటికి పంపేస్తారు. వెలుగు కిందికి దిగాలి, వేడి పైనుంచే పోవాలి. మన అల్మరాకూ ఇదే సూత్రం.

ముందు వేడి లెక్క చూద్దాం. మంచి ఎల్ఈడీ దీపం తీసుకున్న కరెంటులో దాదాపు సగాన్ని వెలుగుగా మారుస్తుంది. మిగతా సగం అక్కడికక్కడే వేడి. ఆ వెలుగు కూడా ఆకుల మీద, గోడల మీద, మట్టి మీద పడి చివరికి వేడే అవుతుంది. మొక్క తన ఒంట్లో దాచుకునేది బహు స్వల్పం. కాబట్టి 200 వాట్ల దీపం వెలిగించిన అల్మరాలో 200 వాట్ల హీటరు ఉన్నట్టే లెక్క వేసుకోవాలి. ఎల్ఈడీ తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు ఇస్తుంది, నిజమే. కానీ మూసిన పెట్టెలో వాటుకు వాటు చూస్తే ఏ దీపం ఇచ్చే వేడి అయినా ఒకటే.

ఆ వేడిని మోసుకుపోవలసింది గాలి. ఫ్యాను నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలిని నెడుతుందో దాని పెట్టె మీద సీఎఫ్ఎం అని రాసి ఉంటుంది. మనకు ఎంత కావాలో తేల్చడానికి చిన్న లెక్క చాలు. గదికంటే అల్మరా ఎన్ని సెంటీగ్రేడ్ డిగ్రీలు ఎక్కువగా ఉంటే ఫరవాలేదో ముందు నిర్ణయించుకోండి. దీపం వాట్లను ఆ సంఖ్యతో భాగించి 1.76తో గుణించండి. 200 వాట్లకు, 5 డిగ్రీల తేడాకు 70 సీఎఫ్ఎం వస్తుంది.

నిమిషానికొకసారి అల్మరాలో గాలంతా మారితే చాలని ఒక వాడుక లెక్క ఉంది. నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, ఆరడుగుల ఎత్తు ఉన్న అల్మరాకు ఆ లెక్కన 48 సీఎఫ్ఎం సరిపోవాలి. కానీ అదే అల్మరాలో 100 వాట్ల దీపం పెడితే 35 చాలు, 300 వాట్లది పెడితే 105 కావాలి. ఫ్యాను ఎంతదో నిర్ణయించేది పెట్టె కొలతలు కాదు, దీపం వాట్లు.

ఇదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతుంది. తేడా 5 నుంచి రెండున్నర డిగ్రీలకు తగ్గాలంటే గాలి రెట్టింపు కావాలి. ఇంకా సగానికి తగ్గాలంటే మళ్ళీ రెట్టింపు. ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా అల్మరా గదికంటే చల్లబడదు, ఎందుకంటే ఫ్యాను చల్లదనాన్ని పుట్టించలేదు, గదిలోని గాలిని లోపలికి తెచ్చి లోపలి గాలిని బయటికి పంపగలదు, అంతే. గది 25 డిగ్రీలుంటే అల్మరా 28, 30 ఉంటుంది. అల్మరా ఎంత చల్లగా ఉండగలదన్నది దాన్ని ఏ గదిలో పెట్టామన్న దగ్గరే తేలిపోతుంది.

మన క్యారీ ఇళ్ళలో గ్యారేజీ మీద ఉండే బోనస్ రూమ్ ఖాళీగా ఉంటుంది కదా అని అల్మరాను అక్కడ పెట్టాలనిపిస్తుంది. చాలా ఇళ్ళలో వేసవిలో అన్నిటికంటే వేడెక్కేది ఆ గదే. అటక సంగతి ఇక చెప్పనక్కర్లేదు. హీటింగ్ లేని గ్యారేజీ జనవరిలో మరీ చల్లన, జులైలో మరీ వేడి. ఇంటి కింది క్రాల్ స్పేస్ నుంచి గాలి తీసుకుంటే తేమ, బూజు వెంట వస్తాయి. ఏసీ, హీటింగ్ రెండూ సరిగా అందే కింది అంతస్తు గదిలో, ఎండ పడని గోడ పక్కన పెట్టడం మేలు. క్లాజెట్‌లో పెడితే దాని తలుపు తెరిచే ఉంచాలి. లేకపోతే అల్మరా వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది.

ఇక గాలి దారి. మన పాత మండువా లోగిళ్ళను గుర్తు చేసుకోండి. వేడిగాలి నడిమింటి ఆకాశంలోకి లేచిపోయేది, చల్లగాలి గుమ్మాల్లోంచి వచ్చేది. అల్మరాకూ అంతే, గాలి కింద ఒక పక్క నుంచి వచ్చి మొక్కలను దాటుకుంటూ పైన ఎదురు మూల నుంచి పోవాలి. రెండు రంధ్రాలూ పక్కపక్కనే ఉంటే గాలి అడ్డదారిన వచ్చిన దారినే పోతుంది, మొక్కల మధ్య ఉక్క అలాగే మిగులుతుంది. ఫ్యానును పైన, బయటికి నెట్టేలా బిగించండి. కింద గాలి వచ్చే రంధ్రం ఫ్యాను రంధ్రానికి కనీసం రెండింతలు ఉండాలి. నాలుగంగుళాల ఫ్యానుకు కింద అడుగు పొడవు, రెండంగుళాల వెడల్పు చీలిక సుమారుగా సరిపోతుంది. దానికి సన్నని జాలీ బిగిస్తే దుమ్ము, పురుగు రావు, కానీ జాలీ గాలిని అడ్డుకుంటుంది కాబట్టి చీలికను ఇంకొంచెం పెంచాలి. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల ఫ్యాను మీద 70 సీఎఫ్ఎం అని రాసి ఉన్నా అది ఏ అడ్డూ లేనప్పటి లెక్క. జాలీ, గొట్టం, వంపు చేరితే బాగా తగ్గిపోతుంది. అందుకే నాలుగంగుళాల డక్ట్ ఫ్యానును తీసుకుని తక్కువ వేగంతో నడపమంటాను. చప్పుడూ తక్కువ, అవసరమైతే వేగం పెంచుకోవచ్చు.

వేడిని బయటికి పంపితే సగం పని అయినట్టు. మొక్కల మధ్య గాలి కదలడం మిగతా సగం. ప్రతి ఆకునూ పలుచని నిశ్చలమైన గాలిపొర అంటుకుని ఉంటుంది. ఆకు వదిలే ఆవిరి దాన్ని దాటే పోవాలి, ఆకుకు కావలసిన కార్బన్ డయాక్సైడ్ దాన్ని దాటే రావాలి. చిన్న ఫ్యాను ఆకులు సన్నగా కదిలేంత గాలి ఇస్తే ఆ పొర పలచబడుతుంది, కాండం గట్టిపడుతుంది, నారుకుళ్ళు తగ్గుతుంది. వేడిగా, పొడిగా, గాలి ఆడకుండా ఉన్న చోటే ఎర్రనల్లి వేగంగా పెరుగుతుంది. ఫ్యానును మొక్క మీదికి సూటిగా పెట్టకండి. గోడ వైపు తిప్పితే గాలి తగిలి మెల్లగా అల్మరా అంతా తిరుగుతుంది.

2021లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అడ్వాన్స్‌డ్ ప్లాంట్ హాబిటాట్ అనే పెట్టెలో మిరప మొక్కలు పెంచారు. అక్కడ బరువు లేదు కాబట్టి వేడిగాలి పైకి లేవదు. గాలి కదలాలంటే ఫ్యానే దిక్కు. ఆ ఫ్యాన్ల వేగాన్ని మార్చి మార్చి నడిపి, పూలు ఊగేలా చేసి, పుప్పొడి రాలేలా చేశారు. మిరపకాయలు రెండు విడతలుగా, అక్టోబరు 29న, నవంబరు 26న కోశారు. రెండో కోతకు ముందే అక్కడికి చేరిన స్పేస్‌ఎక్స్ క్రూ-3 బృందానికి నాయకుడు రాజా చారి, హైదరాబాద్ నుంచి ఈ దేశానికి వచ్చిన తండ్రి కొడుకు. పూతకొచ్చిన మిరప మీ అల్మరాలో ఉంటే ఆ ఫ్యాన్ల సంగతి గుర్తుంచుకోండి. తేనెటీగ లేని చోట గాలే పరాగ సంపర్కం చేయాలి.

గాలి మారకపోతే ఆకలి కూడా ఉంటుంది. ఇందాక చెప్పిన 48 ఘనపుటడుగుల అల్మరాలో ఉండే కార్బన్ డయాక్సైడ్ ఒక గ్రాముకు అటూ ఇటూ. నిండా ఆకులున్న అల్మరాను గట్టిగా మూసి దీపం వెలిగిస్తే గంటా రెండు గంటల్లో మొక్కలు దాన్ని బాగా తగ్గించేస్తాయి. ఆ తర్వాత ఎంత ఖరీదైన వెలుగు ఇచ్చినా పస్తులే.

ఇప్పుడు మన శీతాకాలపు చిక్కు. హీటింగ్ నడిచే ఇంట్లో గాలి అసలే పొడిగా ఉంటుంది. 21 డిగ్రీల దగ్గర 40 శాతం ఉన్న తేమ అదే గాలి 26 డిగ్రీలకు వేడెక్కేసరికి 30 శాతానికి దిగుతుంది. ఫ్యాను వేగంగా తిరిగేకొద్దీ మొక్కలు వదిలిన ఆవిరి కూడా వెళ్ళిపోతుంది. కరివేపాకు అంచులు ఎండి గోధుమరంగుకు తిరగడానికి ఇదొక కారణం. కాబట్టి చలికాలంలో ఫ్యానును ఎప్పుడూ పూర్తి వేగంతో తిప్పకండి. థర్మోస్టాట్ పెట్టి 26 దాటితే పెరిగేలా, దిగితే తగ్గేలా అమర్చుకోండి. కుండీల కింద గులకరాళ్ళ పళ్ళెంలో నీళ్ళుంచండి. దీపం ఆరాక అల్మరా చల్లబడి తేమ శాతం పెరుగుతుంది, అప్పుడు ఫ్యానును పూర్తిగా ఆపేస్తే గోడల మీద చెమ్మ కమ్ముతుంది, బూజు పడుతుంది. నెమ్మదిగా తిరగనివ్వండి. దీపం వేళలను సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా పెట్టుకుంటే, ఇల్లు చల్లబడే వేళకు ఆ వేడి ఇంటికే పనికొస్తుంది.

వేసవిలో ఏమిటి దారి అని అడుగుతారు. అనంతపురంలోనో నిజామాబాద్‌లోనో మే నెలలో వట్టివేళ్ళ తడికల కూలర్ ఇల్లంతా చల్లబరుస్తుంది, ఎందుకంటే అక్కడి గాలి పొడిగా ఉండి నీటిని గబగబా తాగేస్తుంది. మన క్యారీ జులై గాలి అలాంటిది కాదు, అది ముందే తడిసి ఉంటుంది. ఇక్కడ అల్మరాలో నీళ్ళు ఆవిరి చేస్తే మిగిలేది చెమ్మ, ఆ చెమ్మను తీసేయడానికి ఏసీకి మరింత శ్రమ. మంచు సీసాలు పెడదామంటే, రెండు లీటర్ల మంచు కరిగేటప్పుడు పీల్చుకునే వేడి 200 వాట్ల దీపం ఒక గంటలో ఇచ్చే వేడికంటే తక్కువ. పైగా ఆ మంచును గడ్డకట్టించిన ఫ్రీజర్ తన వేడిని మీ వంటింట్లోనే వదిలింది. వేసవికి సరైన మందు మూడు మాటలు: దీపాన్ని సగానికి తగ్గించండి, రాత్రి వేళ వెలిగించండి, వీలైనన్ని మొక్కలను బయటికి తీసుకెళ్ళండి. ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు దాకా క్యారీ ఎండ ఉచితం. అల్మరా నవంబరు పంటకు, ఫిబ్రవరి నారుకు. మొక్కలు బయట ఉండే ఆ ఆరు నెలలూ దాన్ని కడిగి ఆరబెట్టి పెట్టుకోండి.

భద్రత విషయంలో మాత్రం నన్ను కొంచెం కఠినంగా మాట్లాడనివ్వండి. నీళ్ళు, కరెంటు, చెక్క ఒకే పెట్టెలో ఉన్నాయి. కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే జీఎఫ్‌సీఐ సాకెట్ తప్ప మరొకటి వాడకండి. దీపం డ్రైవర్ పెట్టెను అల్మరా బయట బిగించండి, లోపలి వేడి కొంత తగ్గుతుంది కూడా. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద ఉంచకండి, నీళ్ళు అక్కడికే చేరతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఫ్యాను ఏదో ఒకరోజు ఆగిపోతుందని ముందే అనుకుని కట్టండి. లోపల 35 డిగ్రీలు దాటితే దీపం తనంతట తానే ఆరిపోయేలా ఇంకో థర్మోస్టాట్ ఉండాలి. గదిలో పొగ అలారం పనిచేస్తోందో లేదో పరీక్షించండి. మొక్క పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు, ఇల్లు అలా కాదు.

చివరగా ఒక మనవి. మన ఊళ్ళోకి ప్రతి ఏడూ కొత్త తెలుగు కుటుంబాలు వస్తున్నాయి. భారతదేశం నుంచి పచ్చి కరివేపాకు తేవడానికి అనుమతి లేదు, నిమ్మజాతి తోటలకు తెగులు మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది కాబట్టి. అందువల్ల ఇక్కడ బతికిన ప్రతి మొక్కా విలువైనది, దాని నుంచి తీసిన ప్రతి పిలక ఇంకో ఇంటి పోపుకు సరిపోతుంది. పిల్లలకు పిలకతో పాటు లెక్క కూడా నేర్పండి. రెండు థర్మామీటర్లు ఇచ్చి, ఒకటి అల్మరాలో, ఒకటి గదిలో పెట్టించి, రోజూ రెండు సంఖ్యలూ రాయమనండి. వారం తిరిగేసరికి ఫ్యాను చాలుతోందో లేదో వాళ్ళే మీకు చెబుతారు. ఈ అక్టోబరుకు దీపం కొనడానికి బయలుదేరే ముందు ఆ రెండు సంఖ్యల తేడా తెలుసుకోండి, గాలికి దారి తీయండి, ఆ తర్వాతే వెలుగు పెంచండి.